1983 అంబాసిడర్ మార్క్ 4: గ్లవ్ బాక్స్ తాళం తిరగడం లేదు, మూత పాడవకుండా తెరిచే మార్గం చెప్పగలరు

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1983లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, నెలకు రెండు మూడు సార్లు బయటికి తీసి నడుపుతూనే ఉన్నాము. ఇంజిను, బ్రేకులు, గేర్లు అన్నీ సక్రమంగానే ఉన్నాయి గాని, ఎడమవైపు సీటు ముందుండే గ్లవ్ బాక్స్ పదిహేను రోజులుగా తెరుచుకోవడం లేదు. తాళంచెవి పూర్తిగా లోపలికి వెళుతుంది, ఒక పిసరు తిరుగుతుంది, అక్కడ ఆగిపోతుంది. ఇంకొంచెం బలం పెడితే చెవి మెలితిరుగుతున్నట్టు చేతికి తెలుస్తోంది, అందుకని భయపడి వదిలేశాను.

ఈ తాళం తీరు చెబుతాను. మూతకు బందులు కింది అంచున ఉన్నాయి, తాళం పై అంచు మధ్యలో ఉంది. మూతను పైకెత్తి నొక్కితే తాళంలోని నాలుక డ్యాష్‌బోర్డ్ అంచుకున్న కొండిలో తనంతట తానే పడుతుంది. చెవి తిప్పితే నాలుక కిందికి జరిగి మూత ముందుకు వాలుతుంది. చాలా ఏళ్ళ క్రితం గతుకుల రోడ్డు మీద వెళుతున్నప్పుడల్లా మూత దానంతట అదే ఊడి పడుతూ ఉండేది. 2009లో ఒక మెకానిక్ ఆ కొండిని లోపలివైపుకు కొద్దిగా వంచి ఇచ్చారు, అప్పటినుంచి మూత ఊడిపడలేదు గాని తాళం తిప్పడం మాత్రం కష్టమవుతూ వచ్చింది. మూడేళ్ళ క్రితం చెవి అరిగిందని దాన్నే చూపించి మరొకటి చేయించాను. తాళం బిగుసుకున్నప్పుడల్లా రెండు చుక్కల కొబ్బరినూనె వేయడం మా ఇంట్లో అలవాటు.

నాకు తొందర ఉంది. పాత ఆర్‌సీ పుస్తకం ఆ పెట్టెలోనే ఉండిపోయింది, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు మూడు వారాల గడువే మిగిలింది. దానికంటే ముఖ్యమైనది నాన్నగారి నోటుపుస్తకం. ఆయిల్ మార్చిన ప్రతి తేదీ, కొన్న ప్రతి టైరు ధర ఆయన తన చేతితో అందులో రాసి పెట్టారు. ఆయన ఇప్పుడు లేరు. కాబట్టి లోపలి కాగితాలు తడవకూడదు, చిరగకూడదు. మూతను పెచ్చు లేపి తీయమని ఇద్దరు చెప్పారు గాని నాకు మనసొప్పడం లేదు. దయచేసి అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1 (విశాఖపట్నం నుంచి, విశ్రాంత టూల్‌రూమ్ ఫిట్టర్)

మీరు చెవిని బలవంతంగా తిప్పకుండా ఆగడం చాలా మంచి పని. ఇటువంటి తాళాలలో తిరిగే భాగాన్ని, అంటే తాళాలు బాగుచేసేవారు బ్యారెల్ అని పిలిచే దానిని, చాలాసార్లు జింకు మిశ్రమంతో పోత పోసి తయారుచేస్తారు. ఆ లోహం వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. బ్యారెల్ తోక విరిగితే చెవి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది గాని నాలుక కదలదు, అతికించే మార్గం కూడా ఉండదు.

ముందు లోపల ఏమి జరుగుతోందో అర్థం చేసుకోండి. బ్యారెల్‌లో వరుసగా పలుచని ఇత్తడి పలకలు ఉంటాయి, ఒక్కొక్కదాని వెనుక సన్నని స్ప్రింగు ఉంటుంది. చెవి లేనప్పుడు స్ప్రింగులు ఈ పలకలను బయటికి నెట్టి ఒరలోని, అంటే బ్యారెల్ చుట్టూ కదలకుండా ఉండే గొట్టంలాంటి భాగంలోని, గాడిలో నిలబెడతాయి, అందుకే బ్యారెల్ తిరగదు. సరైన చెవి లోపలికి వెళ్ళినప్పుడు దాని పళ్ళ ఎత్తుపల్లాలు ఒక్కో పలకను కావలసినంత మాత్రమే జరిపి, అన్నిటినీ బ్యారెల్ ఉపరితలంతో సమానంగా తెస్తాయి. ఒక్క పలక వెంట్రుకవాసి బయటికి మిగిలినా తాళం ఆగిపోతుంది. అరిగిన చెవిని చూసి చేసిన కొత్త చెవి ఆ అరుగుదలను కూడా అలాగే దించుకుంటుంది, పైగా కోతలో వచ్చే చిన్న తేడా దానికి తోడవుతుంది. మీ దగ్గర అరిగిన పాత చెవి ఉంటే, కొత్తదానికంటే దానితోనే ప్రయత్నించండి.

కొబ్బరినూనె గురించి కూడా చెప్పాలి. అది చలికాలంలో గడ్డకడుతుంది, మిగతా కాలంలో దుమ్మును పట్టి ఉంచి జిగురులా మారుతుంది. ఆ జిగురులో పలకలు ఇరుక్కుంటే స్ప్రింగులకు వాటిని కదిపే శక్తి చాలదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే తెచ్చి, దానితో వచ్చే సన్నని గొట్టాన్ని తాళం రంధ్రంలో పెట్టి, ఒక్క క్షణం చొప్పున రెండు మూడు సార్లు మాత్రమే కొట్టండి. రంధ్రం కింద గుడ్డ పట్టుకోండి. ఆ మాత్రం ద్రవం వెంటనే ఆరిపోతుంది, కాగితాల దాకా వెళ్ళదు. కారు తలుపులన్నీ తెరిచి ఉంచండి, దగ్గరలో నిప్పు ఉండకూడదు, పెట్రోలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. తరువాత చెవిని తిప్పకుండా ముప్పై నలభై సార్లు లోపలికి బయటికి ఆడించండి, ప్రతిసారి చెవికి అంటిన నల్లటి మడ్డిని తుడవండి.

ఇక తిప్పేటప్పుడు ఇంకొకరి సాయం తీసుకోండి. వారు తాళానికి రెండు వైపులా అరచేతులు పెట్టి మూతను గట్టిగా లోపలికి నొక్కి ఉంచాలి. మీరు చెవిని పూర్తిగా లోపలికి తోసి, ఆపైన అర మిల్లీమీటరు వెనక్కి లాగి, వేళ్ళతో మాత్రమే తిప్పి చూడాలి, పట్టకారు వాడకూడదు. కొండిని 2009లో లోపలికి వంచారని మీరు రాసిన మాట నాకు ముఖ్యమనిపిస్తోంది. అప్పటినుంచి నాలుక కొండికి గట్టిగా ఒత్తుకుని ఉంటుంది, ఆ ఒరిపిడినంతా మీ చెవి మోస్తోంది. మూతను నొక్కినప్పుడు ఆ ఒత్తిడి తగ్గుతుంది. పగటి ఎండలో కాకుండా తెల్లవారుజామున కారు చల్లగా ఉన్నప్పుడు ప్రయత్నించండి.

సమాధానం 2 (హైదరాబాద్ నుంచి)

నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. నేను డ్రిల్లుతో తాళం మధ్యలో రంధ్రం వేయించి తీసేసి, ఆ స్థానంలో ఆఫీసు బల్లల సొరుగులకు వేసే క్యామ్ లాకు బిగించుకున్నాను. అరగంటలో పని అయిపోయింది, నాలుగేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు. రాణిగంజ్‌లో గాని, కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో గాని రకరకాల కొలతల్లో దొరుకుతాయి. గడువు దగ్గర పడింది కాబట్టి మీరు కూడా ఈ పద్ధతిని ఆలోచించవచ్చు.

సమాధానం 3 (విజయవాడ నుంచి)

పైన చెప్పిన పద్ధతి పనిచేయదని అనను, కాని దానిని చిట్టచివరకు మాత్రమే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఆ తరువాత ఇంజిను భాగాలు, బ్రేకు భాగాలు వెతికితే దొరుకుతున్నాయి గాని, ఇటువంటి చిన్న చిన్న లోపలి భాగాలకే ఎక్కువ తిరగవలసి వస్తోంది. మా ఆటోనగర్‌లో పాత బండ్లు విడదీసేవారి దగ్గర, చెన్నైలోని పుదుప్పేటలో, కోల్‌కతాలోని మల్లిక్ బజార్‌లో అదృష్టముంటే ఒక తాళం దొరకవచ్చు, చాలాసార్లు చెవి లేకుండానే దొరుకుతుంది. ఒకసారి డ్రిల్లు పెట్టిన తాళం మళ్ళీ తాళం కాదు. పైగా రంధ్రం వేసేటప్పుడు రాలే లోహపు రజను లోపలి కాగితాల మీద పడుతుంది, మీరు వద్దంటున్నదే అది.

చెవితో తెరుచుకోకపోతే వెనుకనుంచి ప్రయత్నించండి. ముందుగా బ్యాటరీ ఎర్త్ తీగను విప్పండి, ఎందుకంటే డ్యాష్‌బోర్డ్ వెనుక నలభై ఏళ్ళ నాటి వైరింగు ఉంటుంది, దాని పైతొడుగు పెళుసెక్కి ఉంటుంది, చేయి తగిలితే చాలు ఊడిపోతుంది. ఎడమ ముందు సీటును వీలైనంత వెనక్కి జరిపి, కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూడండి. గ్లవ్ బాక్స్ లోపలి గూడు ఏ పదార్థంతో చేశారో, దేనితో బిగించారో మీకు కనబడుతుంది. గట్టి అట్టతో చేసిన గూడు అయితే, పైకి కనబడే స్క్రూలను విప్పి దాని ఒక మూలను మెల్లగా కిందికి దించవచ్చు. నాలుగు వేళ్ళు పట్టేంత సందు వస్తే తాళం వెనుకభాగం అందుతుంది, నాలుకను వేలితోనో, బొంగుపుల్లతోనో కిందికి నొక్కితే మూత వాలుతుంది. ఇనుప స్క్రూడ్రైవరు తోయవద్దు, అట్ట చిరుగుతుంది. పాత అట్ట తేమకు మెత్తబడి ఉంటే దాన్ని విప్పే ముందు ఎక్కడెక్కడ ఏ స్క్రూ ఉందో ఫోటో తీసుకోండి.

మూత అంచును పెచ్చు లేపే పని మాత్రం చేయవద్దు. మూత ఒకసారి వంగిందంటే డ్యాష్‌బోర్డ్ గీతతో మళ్ళీ కలవదు. ఆ వంకర కారులో కూర్చున్న ప్రతిసారీ మీ కళ్ళకు కనబడుతూనే ఉంటుంది.

సమాధానం 4 (ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి)

నేను ఇక్కడ ఒక పాత బ్రిటిష్ కారును బాగుచేసుకుంటున్నాను, ఆ అనుభవంతో ఒక్క విషయం చేర్చుతాను. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఇక్కడిదే. ఆ కుటుంబానికి చెందిన 1960ల నాటి కార్లలో చాలావాటికి తాళం ముఖం మీదనో, చెవి మీదనో ఎఫ్‌ఎస్ వంటి అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య తెలిస్తే అరిగిన చెవిని చూడనక్కరలేకుండానే, కర్మాగారంలో చేసిన కొలతకే కొత్త చెవి కోయవచ్చు. మీ తాళం ముఖాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, భూతద్దంతో ఒకసారి చూడండి. అన్నిటికంటే ముందు, కారు కొన్నప్పుడు ఇచ్చిన రెండవ చెవి ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. వాడకుండా దాచిపెట్టిన చెవికి మించిన పనిముట్టు లేదు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. తాళం తెరుచుకుంది.

తాళం ముఖం మీద ఏ సంఖ్యా కనబడలేదు. రెండవ చెవి మాట అమ్మను అడిగితే, ఆమె ఏమీ ఆలోచించకుండా బీరువాలో నుంచి ఒక పసుపు గుడ్డ మూట తెచ్చి ఇచ్చారు. అందులో బండి కొన్నరోజు పూజలో పెట్టిన చెవులు రెండు ఉన్నాయి, వాటిలో ఒకటి గ్లవ్ బాక్స్‌ది. నేను వాడుతున్న చెవి పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలిసింది: మూటలోని చెవి పళ్ళ మొనలు పదునుగా ఉన్నాయి, నాదాని మొనలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. అయినా మూటలోని చెవితో కూడా మొదట తిరగలేదు. విశాఖపట్నం వారు చెప్పినట్టు క్లీనర్ కొట్టి ఆడిస్తే కాటుకలాంటి మడ్డి వచ్చింది. మరునాడు ఉదయం ఆరు గంటలకు మా అబ్బాయి మూతను లోపలికి నొక్కి పట్టుకున్నాడు, మూడవ ప్రయత్నంలో చెవి మెత్తగా తిరిగింది. ఆర్‌సీ, నోటుపుస్తకం రెండూ పొడిగా, భద్రంగా ఉన్నాయి. పుస్తకంలో చివరి పుటలో 2009 నాటి ఆ కొండి పని కూడా నాన్నగారు రాసుకున్నారు.

ఇప్పుడు తాళాన్ని మూతనుంచి విప్పి బల్లమీద పెట్టుకున్నాను. ఇలా విడిగా ఉన్నప్పుడు మూటలోని మంచి చెవితో బాగా తిరుగుతోంది, నేను వాడుతూ వచ్చిన అరిగిన చెవితో అప్పుడప్పుడు పట్టేస్తోంది. దీన్ని పూర్తిగా విప్పి శుభ్రం చేయవచ్చా? చేస్తే ఏ జాగ్రత్తలు పాటించాలి?

సమాధానం 1 రాసినవారు (విశాఖపట్నం)

చదివి చాలా సంతోషమైంది. విప్పవచ్చు, విప్పడమే మంచిది, కాని తొందరపడకుండా చేయాలి.

ఒక తెల్లని పళ్ళెంలో గుడ్డ పరిచి, తాళాన్ని దానిమీద పెట్టి పని మొదలుపెట్టండి. బ్యారెల్‌ను ఒరలో పట్టి ఉంచేది వెనుకవైపు ఒక చిన్న క్లిప్పు కావచ్చు, లేదా ఒరకున్న చిన్న రంధ్రంలోంచి సూదితో నొక్కవలసిన ఒక పలక కావచ్చు. ముందు ఏదో చూసుకోండి. ఏదైనా సరే, బ్యారెల్‌ను బయటికి లాగేటప్పుడు మంచి చెవి లోపలే ఉండాలి. చెవి లేకుండా లాగితే స్ప్రింగులు పలకలను ఎగరగొడతాయి, ఆ స్ప్రింగులు బియ్యపుగింజ కంటే సన్నగా ఉంటాయి, పడితే దొరకవు. బయటికి వచ్చాక ఫోటో తీసి, ఆ తరువాత ఒక్కొక్క పలకను తీసి, వచ్చిన వరుసలోనే పక్కపక్కన పెట్టుకోండి. వరుస మారితే మీ చెవికి ఆ తాళం ఇక పనికిరాదు.

పలకలను, బ్యారెల్‌ను, ఒరను కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత పళ్ళకుంచెతో తోమి, పూర్తిగా ఆరనివ్వండి. పలకల అంచులను వేలిగోరుతో తడిమి చూడండి. చెవిని బలంగా తిప్పిన తాళాలలో ఒరకు తగిలే అంచున చిన్న పెదవిలా లోహం లేచి ఉంటుంది. దాన్ని నీటి కాగితం (తడిపి వాడే సన్నని గరుకు కాగితం) మీద ఒకటి రెండు సార్లు రుద్ది తీయాలి, అంతకుమించి పలకను అరగదీయకూడదు. కొందరు అరిగిన చెవికి సరిపోయేలా పొడుచుకు వచ్చిన పలకలను ఆకురాయితో అరగదీస్తారు. అలా చేస్తే తాళం తిరుగుతుంది, కాని తరువాత వేరే చెవులతో కూడా తిరగవచ్చు. మీకు అసలు కొలత ఉన్న చెవి దొరికింది కాబట్టి ఆ అవసరమే లేదు. ఆ చెవిని రోజూ వాడకండి. దానిని చూపించి రెండు కొత్త చెవులు కోయించి, దానిని మళ్ళీ అమ్మగారి మూటలోనే ఉంచండి. అరిగిన చెవిని మాత్రం ఇక ఎవరికీ నమూనాగా ఇవ్వవద్దు.

స్ప్రింగు ఏదైనా తుప్పు పట్టి విరిగి ఉంటే, తాళాలు బాగుచేసేవారి దగ్గర పాడైపోయిన అదే తరహా తాళాలు ఉంటాయి, వాటిలోంచి తీసి ఇస్తారు. తిరిగి కూర్చేటప్పుడు గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు. దాని మీద నూనె వేయవద్దు, రెండూ కలిస్తే మళ్ళీ మడ్డే తయారవుతుంది. నాలుక జారే గాడికి మాత్రం పల్చగా గ్రీజు రాయండి.

ఇంతవరకు చెప్పింది తాళం సంగతి. నా ఉద్దేశంలో మీ తాళానికి మొదటినుంచీ జబ్బు లేదు. మూత గతుకుల్లో ఊడిపడిందంటే నాలుక కొండిలోకి చాలినంత పైకి వెళ్ళడం లేదని అర్థం, అంటే మూత కిందికి దిగింది. దిగిందంటే కింది బందు వదులైంది. మెకానిక్ గారు బందు జోలికి వెళ్ళకుండా కొండిని వంచి మూతను బిగించారు, దానితో లక్షణం పోయి కారణం మిగిలింది. ఆ బిగువును పద్నాలుగు పదిహేనేళ్ళ పాటు చెవి, పలకలు మోసి అరిగిపోయాయి. బందు సరిచేయకుండా ఈ తాళాన్ని ఎంత శుభ్రంగా బిగించినా మళ్ళీ ఇదే స్థితికి వస్తుంది. నాలుక కొసకు కాస్త కుంకుమ తడిపి రాసి, మూతను మెల్లగా మూసి తెరవండి. కొండి మీద ఎరుపు ఎక్కడ అంటిందో చూసి ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న సాయంత్రం తాళాన్ని విప్పి, శుభ్రం చేసి, తిరిగి కూర్చాను. మొత్తం ఆరు పలకలు ఉన్నాయి, మూడవదానికి మీరు చెప్పిన పెదవి స్పష్టంగా ఉంది. నీటి కాగితం మీద రుద్దాక ఇప్పుడు చెవి వేలికొసతో తిరుగుతోంది.

కుంకుమ పరీక్ష కూడా చేశాను. ఎరుపు కొండి కింది అంచున సన్నని గీతలా మాత్రమే అంటింది, అంటే నాలుక ఒక మిల్లీమీటరు మేరకే పట్టుకుంటోంది. మూతను చేతితో పైకి ఎత్తి పట్టుకుని మూస్తే సగం కొండి ఎర్రబడింది. కింద చూస్తే ఎడమ బందు స్క్రూ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంది, మూత ఆ వైపు రెండు మిల్లీమీటర్లు దిగింది. మూతకు ఆనే రబ్బరు బొడిపెలు రెండూ రాయిలా గట్టిపడ్డాయి. ఆ రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్ళీ వేయించాలా?

సమాధానం 3 రాసినవారు (విజయవాడ)

వెల్డింగు వద్దు, చుట్టూ పెయింటు కాలిపోతుంది, పలుచని రేకు వంగుతుంది. సాగిన రంధ్రం వెనుకవైపు రూపాయి బిళ్ళంత ఉక్కు రేకు ముక్కను పెట్టి, దానికి సరైన చోట రంధ్రం వేసి, పాత స్క్రూ బదులు అదే మందం గల చిన్న బోల్టును వాషరు, నట్టుతో బిగించండి. బిగించే ముందు మూతను డ్యాష్‌బోర్డ్ గీతకు సమానంగా నిలబెట్టి, సందులో పోస్టుకార్డు మందం అట్టను అన్ని వైపులా పెట్టి, అది కదలకుండా ఉన్నప్పుడే నట్టు బిగించాలి. రబ్బరు బొడిపెలకు అంబాసిడర్‌వే కావాలని వెతకనక్కరలేదు, అదే ఎత్తు ఉన్న మెత్తని రబ్బరు ముక్కలు సరిపోతాయి. ఇవి రెండూ అయ్యాక, చివరగా ఆ కొండిని పాత స్థితికి వంచండి. ఒక్క దెబ్బలో కాకుండా, పట్టకారు దవడలకు గుడ్డ చుట్టి, రవ్వంత వంచి, మూత మూసి చూసి, మళ్ళీ రవ్వంత వంచుతూ రావాలి. మూత లోపలికి నొక్కకుండానే చెవి మెత్తగా తిరిగిన చోట ఆపేయండి.